మనవరాలు నా దగ్గరే ఉండాలంటే ఏ కోర్టుకెళ్ళాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పిల్లల గురించినవే. వాటిలో చాలామంది 'జువెనైల్ కోర్టు' అన్న మాట రాశారు, ఒక్కొక్కరు ఒక్కో అర్థంలో. నేను హిందూపురం నుంచి వచ్చి బెంగళూరులో వకీలుగా స్థిరపడి 26 ఏళ్ళయింది. సిద్ధయ్య రోడ్డులో ఫ్యామిలీ కోర్టులున్న న్యాయదేగుల భవనం మెట్లెక్కని వారం ఉండదు. మధ్యలో మూడేళ్ళు బాలల సంక్షేమ సమితి సభ్యురాలిగా కూడా పనిచేశాను. ఉత్తరాల్లోని ఊళ్ళూ కొన్ని వివరాలూ మార్చాను. పిల్లల ఆనవాళ్ళు అచ్చులో రాకూడదని బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతుంది. ఆ సెక్షన్ లేకపోయినా రానిచ్చేదాన్ని కాను.

ప్రశ్న: మాది నంద్యాల దగ్గర పల్లె. ఇరవై ఏళ్ళుగా యశ్వంతపురంలో ఉంటున్నాం. ఇంట్లో జొన్నరొట్టెలు చేసి మెస్సులకు ఇస్తాను. ఆయన లేరు. ఒక్కతే కూతురు, జబ్బు చేసి పోయింది. అప్పటికి దాని బిడ్డకి మూడేళ్ళు. పదకొండో రోజు కాగానే అల్లుడు పిల్లని నా ఒళ్ళో కూర్చోబెట్టి 'మీరే చూసుకోండత్తా' అని వెళ్ళిపోయాడు. ఇప్పుడు పిల్లకి తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. అల్లుడు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళకి ఈమధ్యే బాబు పుట్టాడు. ఉగాదికి నలుగురు పెద్దమనుషుల్ని వెంటేసుకొచ్చి పిల్లని పంపమన్నాడు. పంపకపోతే కిడ్నాప్ కేసు పెడతానన్నాడు. 'జువెనైల్ కోర్టులో కేసు వెయ్యండి, పిల్ల మీకే వస్తుంది' అని మా వఠారంలో ఒకాయన అంటాడు. 'అక్కడికి పోతే పిల్లని హాస్టల్లో వేసేస్తారు' అని ఇంకొకామె అంటుంది. నిద్ర పట్టడం లేదు. ఏం చెయ్యమంటారు?
— ఒక అమ్మమ్మ, యశ్వంతపురం

జవాబు: అమ్మా, ముందు ఆ కిడ్నాప్ అన్న మాట మనసులోంచి తీసెయ్యండి. తండ్రే తెచ్చి అప్పజెప్పిన పిల్లని ఆరేళ్ళు సాకితే అది కిడ్నాప్ కాదు. అయితే ఈ టెన్షన్‌లో పిల్లని ఏ చుట్టాలింట్లోనో దాచడం, బడి మాన్పించడం, ఇల్లు మారి అడ్రసు చెప్పకపోవడం మాత్రం చెయ్యకండి. రేపు కోర్టులో మిమ్మల్ని దెబ్బతీసేది అదే. పిల్ల ఎక్కడుందో అందరికీ తెలిసేలా, రోజూ బడికి వెళ్ళేలా ఉండాలి.

ఇక జువెనైల్ కోర్టు సంగతి. ఆ పేరు 1986 నాటి బాల న్యాయ చట్టంలో ఉండేది. నేరం చేసిన పిల్లలకు జువెనైల్ కోర్టు, దిక్కులేని పిల్లలకు జువెనైల్ వెల్ఫేర్ బోర్డు. 2000లో వచ్చిన చట్టం ఆ రెండు పేర్లూ తీసేసింది. ఇప్పుడు నడుస్తున్నది 2015 నాటి చట్టం. అది 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం నేరం ఆరోపణ వచ్చిన పిల్లల్ని బాల న్యాయ మండలి చూస్తుంది. ఆదరణ, రక్షణ కావలసిన పిల్లల్ని బాలల సంక్షేమ సమితి చూస్తుంది. బెంగళూరులో మీకు 'మక్కళ కల్యాణ సమితి' అని కన్నడ బోర్డు కనిపించేది ఈ సమితిదే. మీ మనవరాలు నేరం చెయ్యలేదు, దిక్కులేనిదీ కాదు. దానికి తండ్రి ఉన్నాడు, మీరున్నారు. ఇద్దరిలో ఎవరి దగ్గర పెరగాలన్నదే మీ తగువు. దాన్ని తీర్చేది ఫ్యామిలీ కోర్టు. ఆ కోర్టు చూసే చట్టం పేరు గార్డియన్స్ అండ్ వార్డ్స్ యాక్ట్, 1890 నాటిది. బ్రిటిష్ వాళ్ళ కాలంలో పుట్టిన చట్టమే అయినా ఇప్పటికీ దాని మీదే నడుస్తున్నాం. అందులో 9వ సెక్షన్ మీకు పనికొచ్చేది: పిల్ల మామూలుగా ఎక్కడ నివసిస్తోందో అక్కడి కోర్టులోనే కేసు వెయ్యాలి. ఆరేళ్ళుగా పిల్ల యశ్వంతపురంలో ఉంది కాబట్టి మీరు నంద్యాల కోర్టు చుట్టూ తిరగనక్కర్లేదు. న్యాయదేగులానికి వస్తే చాలు.

మీకు నచ్చకపోయినా ఒక సంగతి చెప్పాలి. చట్టం తండ్రి వైపు నుంచి మొదలవుతుంది. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 6వ సెక్షన్ తండ్రిని సహజ సంరక్షకుడిగా గుర్తిస్తుంది. మళ్ళీ పెళ్ళి చేసుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదు. కాబట్టి 'పిల్ల మీకే వస్తుంది' అని రాసిచ్చినట్టు చెప్పేవాళ్ళను నమ్మకండి. అయితే అదే చట్టం 13వ సెక్షన్, పిల్ల క్షేమమే అన్నిటికంటే ముందు చూడాలంటుంది. తండ్రి హక్కు కూడా దాని తర్వాతే.

ఇది ఆచరణలో ఎలా ఉంటుందో చెప్పడానికి సుప్రీంకోర్టు తీర్పులు రెండు చెబుతాను. 2008లో కోల్‌కతా నుంచి వచ్చిన ఒక కేసులో పిల్లాడు అమ్మమ్మ, తాతయ్యల దగ్గర ఉన్నాడు. తల్లి చనిపోయింది. ఆ చావు విషయంలో తండ్రి మీదే క్రిమినల్ కేసు నడుస్తోంది. కింది కోర్టూ హైకోర్టూ పిల్లాణ్ణి తండ్రికి ఇవ్వమన్నాయి. సుప్రీంకోర్టు జడ్జీలు ఆ అబ్బాయితో స్వయంగా మాట్లాడారు. తాతయ్య దగ్గరే ఉంటానని వాడు తేటగా చెప్పాడు. పిల్లాణ్ణి అమ్మమ్మ, తాతయ్యల దగ్గరే ఉంచారు. 2019లో మహారాష్ట్ర కేసు దీనికి ఎదురు. తల్లి క్యాన్సర్‌తో పోయింది. తండ్రి కూడా ఆస్పత్రి పాలవడంతో తల్లి అక్కచెల్లెళ్ళు పసిపిల్లని తీసుకెళ్ళి ప్రేమగా పెంచారు. కోలుకున్నాక తండ్రి అడిగితే వాళ్ళు ఇవ్వలేదు. సుప్రీంకోర్టు పిల్లని తండ్రికే ఇచ్చింది. పెంచినవాళ్ళ ప్రేమను కాదనలేదు. కానీ ఆ తండ్రిలో ఏ తప్పూ లేదు, పిల్ల మరీ చిన్నది. మీ మనవరాలికి తొమ్మిదేళ్ళు, మూడింట రెండు వంతుల జీవితం మీ చేతుల మీదే గడిచింది. అది మీకు బలం. మీ అల్లుడి మీద ఏ ఆరోపణా లేకపోవడం ఆయనకు బలం.

జడ్జిగారు చూసేది మామూలు విషయాలే. పొద్దున పిల్లకి జడ వేసేదెవరు, బడి మీటింగుకి వెళ్ళేదెవరు, జ్వరమొస్తే ఆస్పత్రిలో కూర్చునేదెవరు. వీటికి కాగితాలు దొరుకుతాయి. ప్రోగ్రెస్ కార్డు మీద ఆరేళ్ళ మీ సంతకమో వేలిముద్రో, టీకాల కార్డు, ఫీజు రసీదులు, మందుల చీటీలు, పిల్ల పేరు ఎక్కిన రేషన్ కార్డు అన్నీ ఒక సంచిలో పెట్టండి. టీచరమ్మను ఒక ఉత్తరం రాసిమ్మని అడగండి. అల్లుడు పండగలకు డబ్బు పంపి ఉంటే, వచ్చి చూసి ఉంటే అది కూడా ఉన్నదున్నట్టు చెప్పండి. దాచితే మీ మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది.

పిల్లకి మాత్రం ఏ మాటలూ నేర్పకండి. వకీలుగా మొదటి రోజుల్లో నేను చేసిన తప్పు ఒకటి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఒక తాతగారి తరఫున వాదిస్తూ, ఏడేళ్ళ పాపని జడ్జిగారి గదిలోకి పంపేముందు ఏం చెప్పాలో నేనే నేర్పాను. ఆ పాప లోపలికి వెళ్ళి 'నా సంక్షేమం తాతయ్య దగ్గరే ఉంది' అని అప్పజెప్పింది. జడ్జిగారు ఫైలు మూసి, పొద్దున ఏం తిన్నావమ్మా అని అడిగారట. పాప ఏడవడం మొదలుపెట్టింది. ఆ తాతగారు నిజంగానే మంచి మనిషి. నేను నేర్పిన ఆ ఒక్క మాట వల్ల ఆయన మీద అనుమానం పడింది. కేసు రెండేళ్ళు సాగింది. ఆ రెండేళ్ళు ఆ పాప ఎవరింటిదో తెలియని దానిలా తిరిగింది. అప్పటినుంచి నా దగ్గరకొచ్చే పిల్లలతో నేను కేసు మాటే ఎత్తను.

మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర ఆగాను, బాబు పుట్టాడన్నది. పసిబిడ్డ పుట్టాక ఇంటిపనికి చేదోడుగా తొమ్మిదేళ్ళ ఆడపిల్లని పిలిపించుకున్న ఇళ్ళు నేను చూశాను. మీ అల్లుడు అలాంటివాడని నేననడం లేదు. నిజంగానే కూతురి మీద మనసు మళ్ళిందేమో. పెద్దమనుషులు లేకుండా ఒకరోజు కూర్చోబెట్టి అడగండి: ఏ బడిలో వేస్తావు, ఎక్కడ పడుకుంటుంది, ఆరేళ్ళుగా ఎందుకు రాలేదు? జవాబులు చెబుతున్నప్పుడు ఆయన ముఖం చూస్తే మీకే సగం తెలుస్తుంది. ఈలోగా ఫోన్లో తండ్రితో మాట్లాడనివ్వండి. ఆయన వచ్చినప్పుడు చూడనివ్వండి. ఫ్యామిలీ కోర్టు కూడా మొదట రాజీకే ప్రయత్నిస్తుంది. ఆ భవనంలోనే మీడియేషన్ సెంటర్ ఉంది. పిల్ల బడి రోజుల్లో మీ దగ్గర, వేసవి సెలవుల్లో సగం నాన్న దగ్గర ఉండేలా ఒప్పందాలు కుదిరిన కేసులు చాలా ఉన్నాయి. నన్నడిగితే మీకు అదే మేలు. మీ వయసు కూడా ఆలోచించాలి కదమ్మా. మీ తర్వాత ఆ పిల్లకి ఉండేది తండ్రే.

లాయరు ఫీజు గురించి దిగులు వద్దు. ఆడవాళ్ళకూ పిల్లలకూ ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతుంది. రాష్ట్ర న్యాయ సేవల ప్రాధికారం ఆఫీసు న్యాయదేగులంలోనే ఉంది. ఫోన్ నంబరు 15100. సంరక్షకురాలిగా నియమించమని పిటిషన్ వేసి, దానితోపాటే కేసు తేలేదాకా పిల్ల మీ దగ్గరే ఉండేలా తాత్కాలిక ఉత్తర్వు అడగమని చెప్పండి. పిల్ల మీ దగ్గర ఉన్నా దాని పోషణ బాధ్యత తండ్రిదే. కావాలంటే ఖర్చు కూడా అడగవచ్చు. రొట్టెలు చేసి బతుకుతున్నానని చిన్నతనపడకండి. పేదరికం ఒక్కటే చూపించి పిల్లని లాక్కోరు.

హాస్టల్ భయం గురించి: పిల్లల్ని సంస్థలో పెట్టడం చిట్టచివరి మార్గంగానే ఉండాలని 2015 చట్టం 3వ సెక్షన్‌లోనే ఉంది. పిల్ల తండ్రి దగ్గరకు వెళ్ళాక కొడుతున్నారనో, బడి మాన్పించారనో, పెళ్ళి మాటలు నడుస్తున్నాయనో తెలిస్తే అప్పుడు సంక్షేమ సమితికి వెళ్ళాలి. 1098కి ఫోన్ చెయ్యాలి. ఇప్పుడు కాదు.

ప్రశ్న: మాది కదిరి పక్కన పల్లె. హెబ్బాళ అవతల ఒక అపార్ట్‌మెంట్ పనిలో షెడ్డులో ఉంటున్నాం. ఆయన మేస్త్రీ, నేను మాలు మోస్తాను. మా పన్నెండేళ్ళ కొడుకు సెల్లు పగలగొట్టాడని వాళ్ళ నాన్న కొట్టాడు. వాడు పారిపోయాడు. మూడోరోజు మెజెస్టిక్ రైల్వే స్టేషన్లో దొరికాడని ఫోన్ వచ్చింది. ఇప్పుడు హొసూరు రోడ్డులో బాలమందిరంలో ఉన్నాడు. మేం పోతే 'సమితి ఆర్డరు కావాలి, ఇంటి రుజువు తెండి' అన్నారు. మా ఆధార్‌లో ఊరి అడ్రసు ఉంది. కన్నడం సరిగా రాదు. ఒకతను పదివేలిస్తే విడిపిస్తానంటాడు. కన్నబిడ్డని మాకియ్యరా? (పక్క షెడ్డు అమ్మాయి చేత రాయించాను.)
— ఒక తల్లి

జవాబు: ఇస్తారు. పదివేలు ఎవరికీ ఇవ్వకండి. ఇందులో ఒక్క రూపాయి కూడా ఫీజు లేదు, లాయరు కూడా అక్కర్లేదు.

మీ బిడ్డని వాళ్ళు పట్టుకున్నారని అనుకోకండి. ఒంటరిగా కనిపించిన పిల్లల్ని ప్రయాణ సమయం పోగా 24 గంటల్లోపు సమితి ముందుకు తేవాలి. ఎవరు పడితే వాళ్ళు 'నేనే నాన్నని' అని వచ్చి తీసుకెళ్ళకుండా అక్కడ పెడతారు. మెజెస్టిక్ లాంటి స్టేషన్లో పన్నెండేళ్ళ పిల్లాడు రెండు రాత్రులు గడిపాడంటే మంచివాళ్ళ కంట పడడమే అదృష్టం.

సమితిలో ఒక అధ్యక్షుడో అధ్యక్షురాలో, మరో నలుగురు సభ్యులు ఉంటారు. సభ్యుల్లో కనీసం ఒకరు మహిళ. మేజిస్ట్రేటుకున్న అధికారాలు సమితికీ ఉంటాయి. కానీ అక్కడ బోను, నల్లకోట్లు ఉండవు. బల్లకి అవతల మేము, ఇవతల బిడ్డ. నేనున్న రోజుల్లో అనంతపురం, కర్నూలు, చిత్తూరు వైపు పిల్లలు తరచూ వచ్చేవారు. కన్నడంలో అడిగితే తలవంచుకునే పిల్లాడు, 'ఏ ఊరు నాయనా?' అని తెలుగులో అనగానే వెక్కివెక్కి ఏడ్చేవాడు. అందుకే చెబుతున్నా, మొహమాటపడకుండా 'మాకు తెలుగే వస్తుంది, తెలుగు తెలిసినవాళ్ళతో అడిగించండి' అనండి. మీకైనా బిడ్డకైనా.

ఇంటి రుజువు అంటే బెంగళూరు అడ్రసే కావాలని కాదు. వాడు మీ బిడ్డేనని తేలాలి. మీ ఇద్దరి ఆధార్, ఊళ్ళో రేషన్ కార్డు, వాడి జనన ధ్రువపత్రం లేదా అక్కడి బడిలో ఇచ్చిన టీసీ, ఇంట్లో అందరూ కలిసి దిగిన ఫోటో తీసుకెళ్ళండి. రేషన్ కార్డు ఊళ్ళో ఉంటే ఫోన్లో ఫోటో తెప్పించుకోండి. ఇప్పుడున్న చోటికి మేస్త్రీ చేతనో కంట్రాక్టర్ చేతనో ఒక కాగితం రాయించుకుంటే మేలు. తర్వాత జిల్లా మక్కళ రక్షణా ఘటక, అంటే జిల్లా బాలల రక్షణ విభాగం నుంచి ఒకరు మీ షెడ్డు చూడటానికి వస్తారు. ఈ సామాజిక విచారణ 15 రోజుల్లో అయిపోవాలి. షెడ్డు చిన్నదని సిగ్గుపడకండి. వాళ్ళు ఇల్లు కొలవడానికి రారు. బిడ్డ మళ్ళీ పారిపోయే పరిస్థితి ఉందా లేదా అని చూస్తారు. ఊళ్ళో తాతగారింట్లో ఉంచి చదివిస్తామని మీరంటే, కేసును మీ సొంత జిల్లా సమితికి పంపే వీలు కూడా ఉంది.

వాళ్ళు మొదట మీ ఆయన్నే అడుగుతారు, కొట్టావా అని. లేదని అబద్ధం చెప్పనివ్వకండి. వాడు ముందే చెప్పి ఉంటాడు. కొట్టానని, ఇకమీదట చెయ్యి ఎత్తనని ఒప్పుకున్న తండ్రికి బిడ్డని అప్పగించిన ఉత్తర్వులు నేనే చాలా సంతకం చేశాను. వాడు మీతో పాటు ఇటుకలు మోస్తున్నాడేమో మీరు రాయలేదు. మోస్తుంటే ఈరోజే ఆపండి. 14 ఏళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టడం నేరం. దగ్గర్లోని ప్రభుత్వ బడిలో చేర్చండి. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదని 2009 విద్యాహక్కు చట్టంలో ఉంది.

సమితి నెలలో కనీసం 20 రోజులు కూర్చోవాలి. ఏ రోజు రావాలో కాగితం మీద రాయించుకోండి. మీ విషయం ఊరికే వాయిదా పడుతుంటే జిల్లాధికారికి, అంటే కలెక్టరుకి అర్జీ ఇవ్వచ్చు. ఉత్తర్వు మీకు అన్యాయం అనిపిస్తే 30 రోజుల్లో చిల్డ్రన్స్ కోర్టులో (పిల్లల కేసులు చూసే సెషన్స్ స్థాయి కోర్టు) అప్పీలు చేసుకోవచ్చు. అంతదాకా రాదనే నా నమ్మకం. ఈలోగా చూడటానికి వెళ్ళినప్పుడు వాడికి ఇష్టమైనది ఏదైనా వండి తీసుకెళ్ళి, లోపలికి ఇవ్వొచ్చా అని అడగండి. సెల్లు సంగతి మాత్రం ఎత్తకండి.

ప్రశ్న: మా తమ్ముడికి 16 ఏళ్ళు, పీయూసీ. స్నేహితులతో కలిసి ఎవరిదో బైకు తీసుకెళ్ళాడు. పోలీసులు రాత్రంతా స్టేషన్లో కూర్చోబెట్టారు. జైలుకి పంపుతారా? రేపు గవర్నమెంటు ఉద్యోగం రాదా?
— ఒక అక్క, మారతహళ్ళి

జవాబు: 18 నిండని పిల్లల్ని లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. ఇలాంటి పిల్లల కోసం ప్రతి స్టేషన్లో ఒక అధికారి ఉండాలి. మీ తమ్ముణ్ణి 24 గంటల్లోపు బాల న్యాయ మండలి ముందుకు తీసుకెళ్ళాలి. అక్కడ ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఇంటికి పంపితే చెడు సావాసాల్లో పడతాడనో, వాడికే ప్రమాదమనో అనిపిస్తే తప్ప బెయిలు ఇవ్వాలి. వయసు రుజువుకి బడి సర్టిఫికెట్టు ముందు చూస్తారు, అది వెంటనే తీసి పెట్టుకోండి. దొంగతనం బాల న్యాయ చట్టం లెక్కలో చిన్న నేరాల కిందికి వస్తుంది. విచారణ నాలుగు నెలల్లో తేలాలి, మరో రెండు నెలలు పొడిగించవచ్చు. అప్పటికీ తేలకపోతే కేసు అంతటితో ముగుస్తుంది. ఉద్యోగానికి అడ్డు రాకూడదని అదే చట్టం 24వ సెక్షన్ చెబుతుంది. మీ తమ్ముణ్ణి నలుగురిలో దొంగ అనకండి. ఆ బైకు యజమాని దగ్గరికి వెళ్ళి క్షమాపణ అడగమనండి, మీరు తోడు వెళ్ళండి.

ప్రశ్న: పెళ్ళయి 11 ఏళ్ళయినా పిల్లల్లేరు. ఒక ఆయా, పేద తల్లికి పుట్టబోయే బిడ్డని రెండున్నర లక్షలకి ఇప్పిస్తానంటోంది. స్టాంపు కాగితం రాసుకుంటే చాలా?
— పేరు వద్దు, రాజాజీనగర్

జవాబు: చాలదమ్మా, ఇది బిడ్డను కొనడం. బాల న్యాయ చట్టం 81వ సెక్షన్ కింద అయిదేళ్ళ దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల జరిమానా. అమ్మినవాళ్ళకీ కొన్నవాళ్ళకీ అదే. బిడ్డ మీకు అలవాటయ్యాక ఒకరోజు పోలీసులు వచ్చి తీసుకెళ్తే ఆ బాధ మీరు తట్టుకోలేరు. ఆ తల్లి నిజంగా సాకలేనిదైతే సంక్షేమ సమితి ముందు బిడ్డను అప్పగించవచ్చు. మనసు మార్చుకోవడానికి ఆమెకు 60 రోజుల గడువు ఉంటుంది. ఆ 60 రోజులు ఆమెకి ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. మీరు కేంద్ర దత్తత సంస్థ 'కారా' వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకోండి. ఎదురుచూపు ఎక్కువే. 2022 సెప్టెంబరు నుంచి ఆఖరి దత్తత ఉత్తర్వు కోర్టు బదులు జిల్లాధికారి ఇస్తున్నారు.

ప్రశ్న: ఆంటీ, నేను ఎనిమిదో తరగతి. మా అమ్మ ఈ పత్రిక తెప్పిస్తుంది. అమ్మా నాన్నా విడాకులకి వేశారు. వచ్చే నెల జడ్జి నాతో మాట్లాడతారట. అమ్మ పేరు చెప్తే నాన్న ఏడుస్తాడు. నాన్న పేరు చెప్తే అమ్మ అన్నం తినదు. నేనేం చెప్పాలి?
— జయనగర్ నుంచి

జవాబు: తల్లీ, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నువ్వు ఎవరి పేరూ చెప్పాల్సిన పని లేదు. ఆ గదిలో నిన్ను అమ్మా, నాన్నా అని తేల్చమని అడిగితే 'నాకు తెలియదు' అనడం కూడా సరైన జవాబే. 'ఇద్దరూ కావాలి' అనడం కూడా. కాస్త ఊహ తెలిసిన పిల్లల ఇష్టాన్ని కోర్టు పరిగణించవచ్చని చట్టంలో ఉంది. అందుకే పిలుస్తున్నారు. కానీ తీర్పు చెప్పేది జడ్జిగారే, నువ్వు కాదు. రేపు ఏం జరిగినా అది నీవల్ల జరిగినట్టు కాదు.

గది ఎలా ఉంటుందో చెబుతాను, భయం తగ్గుతుంది. పెద్ద కోర్టు హాల్లో నిలబెట్టి అడగరు. పక్కన జడ్జిగారి చాంబర్ ఉంటుంది. బల్ల, నాలుగు కుర్చీలు, చాలా ఫైళ్ళు. అమ్మా నాన్నా వాళ్ళ లాయర్లూ బయట కూర్చుంటారు. ఒక్కోసారి కౌన్సెలర్ ఉంటారు. మొదట బడి గురించీ స్నేహితుల గురించీ అడుగుతారు. నీకు తెలుగులోనో కన్నడలోనో ఇంగ్లీషులోనో ఏది తేలికైతే అందులో మాట్లాడు. నువ్వు చెప్పింది అమ్మకీ నాన్నకీ చెప్పకూడదనుకుంటే ఆ మాట ముందే జడ్జిగారితో అను.

పెద్దవాళ్ళు అడగడం మరిచిపోయే చిన్న సంగతులు నువ్వే చెప్పు. బడి మారడం ఇష్టమా కాదా. రాత్రి లైటు వేసి పడుకుంటావా. నాన్న ఇంటికి వెళ్తే డాన్స్ క్లాసో ఇంకేదో ఆగిపోతుందా. ఏ ఇంట్లోనైనా నిన్ను భయపెట్టేవాళ్ళు ఉన్నారా. అది ఉంటే మాత్రం తప్పకుండా చెప్పాలి. ఎవరి దగ్గర ఉన్నా రెండోవాళ్ళతో రోజూ అయిదు పది నిమిషాలైనా మాట్లాడే వీలుండాలని 2020లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. కావాలంటే నువ్వు జడ్జిగారిని అదే అడగవచ్చు: 'నాకు రోజూ ఇద్దరితో మాట్లాడాలని ఉంది' అని.

ముందు రోజు రాత్రి ఎవరైనా 'ఇలా చెప్పు' అంటే, 'ఆంటీ వద్దన్నారు' అని నా పేరు చెప్పు. ఈ పేజీ అమ్మకీ నాన్నకీ చూపించాలా వద్దా అన్నది నీ ఇష్టం. అక్కడ మాట్లాడి వచ్చాక మళ్ళీ రాయాలనిపిస్తే రాయి. ఆ ఉత్తరం నేను అచ్చు వెయ్యను, నీకే జవాబు పంపుతాను.